మూడక్షరాల అట్ట

అసుంతా చేతిలో అట్ట ఉంది. అట్ట మీద హెగర్టీ చూసి చెప్పవలసిన మాట ఉంది. ఆ మాట కనిపించడానికి స్టూడియోలో కావలసినంత వెలుతురూ ఉంది. అయినా హెగర్టీ ఆ మాట అనలేదు. అట్ట వంక సూటిగా చూశాడు. ఆమెను చూసి చిన్నగా నవ్వాడు. కెమెరా వైపు తిరిగి, గంట క్రితం కొట్టేసిన పాత మాటే అనేశాడు.

"మా ఇంటికి కొత్త పరుపు వచ్చినప్పట్నుంచీ అందరం హాయిగా నిద్రపోతున్నామండీ. పరుపు మీద మా కుక్క, నేల మీద నేనూ మా ఆవిడా!"

హాల్లో జనం విరగబడి నవ్వారు. పైన అద్దాల గదిలో కూర్చున్న పరుపుల కంపెనీ పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. ఆ సోమవారం నుంచే ఆ కార్యక్రమం ఖర్చంతా ఆయన కంపెనీ భరిస్తోంది. అందుకే పరుపు ముచ్చట తీసేసి దాని చోట గొడుగు ముచ్చట పెట్టారు. పెట్టమన్న కబురు రాత్రి పది గంటలకు వచ్చింది. పదీ పదికి అసుంతా కుంచె సిరాలో ముంచింది. పదిన్నరకు అట్ట ఆరింది. పదకొండింటికి ఎర్రదీపం వెలిగింది. ఎర్రదీపం వెలిగాక నోటినుంచి జారిన మాటను వెనక్కి తీసుకునే దారి ఆ రోజుల్లో లేదు. న్యూయార్కులో అన్న మాట అప్పటికప్పుడే పదిహేను ఊళ్ళలో, ఇంకా నిద్రపోని ఇళ్ళన్నిటిలో వినబడేది.

అర్ధరాత్రి దాకా మేలుకుని టెలివిజన్ పెట్టె ముందు కూర్చోవడమనే పిచ్చి జనానికి అప్పుడప్పుడే అంటుకుంటోంది. కబుర్లు, ఒక పాట, ఒక నాట్యం, వెనక్కాళ్ళ మీద నడిచే కుక్క, నడుమ నడుమ హెగర్టీ లాంటి పాతకాలపు హాస్యగాడు. వీటన్నిటినీ దారాన గుచ్చే మనిషి లైల్ ప్రెంటిస్. వయసు ముప్పై మూడు, పళ్ళు తెల్లన, నోటికి తాళం లేదు. బ్రాడ్వే పక్క సందులో మూతపడిన నాటకశాలను స్టూడియోగా మార్చి, కుర్చీలు సగం పీకేసి కెమెరాలు దింపారు. డిన్నీ హెగర్టీ ఇరవయ్యేళ్ళ క్రితం అదే వేదిక మీద, అవే మెట్లు ఎక్కి ఆడినవాడు. ఇప్పుడు సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి, ఎనిమిదేసి నిమిషాలు.

కార్యక్రమం ముగిసిందో లేదో నిర్మాత క్రాన్‌స్టన్ మెట్లు దిగి వచ్చాడు. ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"అట్ట చూపించావా, లేదా?"

"చూపించానండీ."

"సరైన అట్టేనా?"

అసుంతాకు ఒళ్ళు మండింది. ఆమె తండ్రి బ్రాంక్స్‌లో సగం దుకాణాల అద్దాల మీద పేర్లు రాసినవాడు. పన్నెండేళ్ళప్పుడే ఆమెకు కుంచె పట్టడం నేర్పాడు. ఇరవై అడుగుల దూరం నుంచి, కళ్ళల్లో దీపాలు కొడుతుంటే కూడా చదవగలిగేలా అక్షరం రాయడం ఆ భవనంలో ఆమెకు తప్ప ఎవరికీ చేతకాదు. భుజాలు పడిపోయేలా గంటసేపు అట్టలు పట్టుకుని నిలబడేదీ ఆమే.

"సరైనదే. ఆయన చూశారు కూడా. చూసీ పట్టించుకోలేదు" అంది.

ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. ఉక్రోషం కొద్దీ అది తనంతట తనే బయటికొచ్చింది. క్రాన్‌స్టన్ తలాడించాడు.

"గురువారం ఒక్క అవకాశం ఇస్తాను. ఆ రోజు కూడా తన ఇష్టం వచ్చినట్టు వాగాడా, ఇక ఇంట్లోనే వాగుకోవచ్చు."

వేదిక మీద హెగర్టీ టోపీ దులుపుకుంటున్నాడు. ఆమెను చూసి టోపీ ఎత్తి, "ఈ రోజు అట్టలు ముత్యాల్లా ఉన్నాయి తల్లీ!" అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకుని ఆమె ముఖం తిప్పేసుకుంది.

*

ఏ గదిలో ఎవరుంటారో తలుపుల మీద పేర్లు రాసి తగిలించే పని కూడా అసుంతాదే. గురువారం మధ్యాహ్నం ఎనిమిదిమంది నాట్యగత్తెలు దిగారు. వాళ్ళకు పెద్ద అద్దం, నీళ్ళ కుళాయి కావాలి. అవి రెండూ ఉన్నది హెగర్టీ గదిలోనే. ఆమె ఆయన పేరు తీసి మెట్ల కింది గదికి తగిలించింది. పాత గదికి పెద్ద అక్షరాలతో "నాట్యబృందం. మగవారు రాకూడదు" అని రాసి పెట్టింది. మేకు బిగించి కుర్చీ దిగుతుండగా హెగర్టీ వచ్చాడు. చేతిలో ఆకుపచ్చ కాగితంలో చుట్టిన పూలు ఉన్నాయి.

తలుపు ముందు ఆగాడు. అట్ట వంక తీరిగ్గా చూశాడు. మొదటి నుంచి చివరిదాకా చూశాడు.

"బాగా రాశావు తల్లీ. నీ చెయ్యే చెయ్యి" అన్నాడు. అని పిడి తిప్పి లోపలికి వెళ్ళాడు.

లోపల కెవ్వుమని కేకలు. పౌడరు డబ్బా ఒకటి గోడకు కొట్టుకుంది. హెగర్టీ వెనక్కి నడుస్తూ బయటికొచ్చాడు. కోటంతా తెల్లబడింది. అటూ ఇటూ చూశాడు. దీపాలవాళ్ళు, తాళ్ళవాళ్ళు అప్పటికే మూగుతున్నారు. ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏమీ లేదు. ఆ తర్వాత ముఖం పనిలోకి దిగింది. కనుబొమలు ఎగరేసి, పౌడరును ఉప్పులా నాలుకతో రుచి చూసి, "మంచు కురుస్తుందని రేడియోలో చెప్పనే లేదే!" అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకున్నారు.

"ముసలాడికి సరదాలు తగ్గలేదురోయ్" అన్నాడెవడో.

అసుంతా నవ్వలేదు. ఆమె ఆయన కళ్ళు చూసింది. అట్ట మీద అవి ఎక్కడా ఆగలేదు. గోడ మీద రంగును చూసినట్టు చూశాయి. సోమవారం రాత్రి ఆమె చేతిలోని అట్టను చూసిందీ అలాగే. రెండేళ్ళుగా ప్రతి అట్టనూ చూసింది అలాగే. బాగున్నాయి, ముత్యాల్లా ఉన్నాయి, నీ చెయ్యే చెయ్యి అన్నాడే కానీ, ఒక్కనాడైనా ఫలానా మాట బాగుందని అన్నాడా?

ఆయనను తను అట్టలు రాసే రంగుల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. కోటు దులిపింది.

"హెగర్టీ గారూ, సోమవారం అట్ట..."

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను తల్లీ."

"మీకు కళ్ళజోడు లేదండీ."

ఆయన పూల కట్ట ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. కాగితం మడతలు సరిచేస్తూ అన్నాడు: "ఎనిమిదో ఏట బొగ్గు గనిలో రాళ్ళు ఏరడానికి పెట్టారు. బడి సంగతి ఎవడికి గుర్తుంటుంది? ఊనా చదివేది. మా ఆవిడ. వంటింట్లో అది చదివేది, నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తూ అప్పజెప్పేవాణ్ణి. రెండుసార్లు వింటే చాలు నాకు. ఒప్పందాలూ అదే చదివేది. సంతకం కూడా అదే నేర్పింది, బొమ్మ గీసినట్టు గీస్తాను. ముప్పయ్యైదేళ్ళు. దానికీ నాకూ తప్ప ఇంకో పురుగుకు తెలీదు."

"ఆవిడ ఇప్పుడు...?"

"మూడు వారాలైంది పడిపోయి. అప్పట్నుంచీ పాత ముచ్చట్లే తిప్పి తిప్పి చెబుతున్నాను. కుడిచెయ్యి లేదు, మాట లేదు. ఆస్పత్రిలో ఉంది. ఈ పూలు దానికే." కట్టను అటూ ఇటూ తిప్పాడు. "ఎవరికీ చెప్పకు తల్లీ. ముసలివాణ్ణి అనుకోనీ, తాగుబోతుని అనుకోనీ, ఆడపిల్లల గదిలో దూరే వెధవని అనుకోనీ. ఇదొక్కటి మాత్రం వద్దు."

సోమవారం క్రాన్‌స్టన్‌తో తను అన్న మాట చెప్పేయాలని ఆమె నోరు తెరిచింది. చెప్పలేకపోయింది. కాగితాలు ముందుకు లాక్కుని, "వినండి" అని ఆ రాత్రి ఆయన చెప్పవలసినదంతా చదవడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. రెండోసారి చదివేసరికి ఆమె కంటే ముందే మాటలు ఆయన నోట్లో ఉన్నాయి. చెయ్యి మాత్రం గాలిలో చెక్కు తీస్తున్నట్టు ఆడుతూ ఉంది.

*

అనుకున్నట్టే పది గంటలకు కబురు వచ్చింది. అత్తగారి ముచ్చట కొట్టేశారు, ఆయన ఏళ్ళ తరబడి చెబుతున్న చేపల దుకాణం ముచ్చట పెట్టారు. వరస అంతా మారింది. హెగర్టీ అప్పటికే ముఖానికి రంగు వేయించుకుంటున్నాడు. పక్కన నలుగురున్నారు, అక్కడ చదివి వినిపించే వీలు లేదు. ఒక్క నిమిషం చెవిలో వరస చెప్పింది. ఆయన తల ఊపాడు కానీ ఆ ఊపులో ధైర్యం లేదు.

అసుంతా ఎనిమిది తెల్ల అట్టలు బల్ల మీద పరిచింది. కుంచె ముంచింది. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ అక్షరానికి వెళ్ళబోయి ఆగింది. టోపీ పెట్టుకున్న చేప గీసింది. తర్వాత కెటిల్. తర్వాత మెట్ల మీంచి దొర్లుతున్న లావాటి పోలీసు. ఏ ముచ్చట తర్వాత ఏ ముచ్చటో, ఏ ముచ్చటకు ఏది గుర్తో, నాలుగు గీతల్లో పడేసింది. చిన్నప్పుడు కసాయి దుకాణానికి వచ్చే చదువురాని ముసలమ్మల కోసం నాన్న అద్దం మీద ఏ మాంసానికి ఆ జంతువు తల గీసేవాడు. ఆ గీతలే ఇప్పుడు చేతికొచ్చాయి. పైన మామూలు అట్ట ఒకటి కప్పి, ఎవరికీ కనబడకుండా గుండెలకు ఆనించి పట్టుకుని వెళ్ళింది.

చేపను చూడగానే హెగర్టీ ముఖం వికసించింది. అంతే, ఇక ఆయనను పట్టుకునేవాళ్ళు లేకపోయారు. కెటిల్ నుంచి పోలీసుకూ, పోలీసు నుంచి కుక్కకూ నీళ్ళ మీద నడిచినట్టు నడిచాడు. ఒక్క మాట జారలేదు. పైన అద్దాల వెనక క్రాన్‌స్టన్ కుర్చీలో వెనక్కి వాలడం అసుంతాకు కనిపించింది. భుజాలు లాగేస్తున్నా ఆమెకు నొప్పి తెలియలేదు. గండం గడిచిందనుకుంది.

లైల్ ప్రెంటిస్‌కు ఒక అలవాటు ఉంది. ఆట మధ్యలో మైకు పట్టుకుని వేదిక దిగేసి, కెమెరాను తన వెంట రమ్మని, తెర వెనక సంగతులు జనానికి చూపిస్తాడు. తీగెలు చూపిస్తాడు, కునుకు తీసే దీపాలవాణ్ణి లేపుతాడు. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు ఇంతకంటే సరదా లేదు. ఆ రోజు ఆయన కాళ్ళు నేరుగా అసుంతా వైపు వచ్చాయి.

"ఈ అమ్మాయి ఏం పట్టుకుందో చూద్దామా... అయ్యబాబోయ్!"

ఆమె అట్టలు గట్టిగా పట్టుకుంది. లైల్ నవ్వుతూనే గుంజాడు. చేప, కెటిల్, పోలీసు ఒక్కొక్కటే కెమెరా ముందుకు వెళ్ళాయి.

"అమ్మలారా అయ్యలారా, ఇన్నాళ్ళూ మనం మహా పండితుడనుకున్న హెగర్టీ గారి చదువు ఇదండీ! మా పెద్దాయనకు అక్షరమ్ముక్క రాదు! బొమ్మలు చూసి బతికేస్తున్నారు!"

లైల్‌కు ఏమీ తెలియదు. నోటికొచ్చిన హాస్యం, అంతే. హాలు దద్దరిల్లింది. అసుంతా కళ్ళు హెగర్టీ మీదే ఉన్నాయి. రంగు వేసిన ముఖం కింద అసలు ముఖం తెల్లబడడం ఆమె చూసింది. రెండు క్షణాలు ఆయన నిలబడ్డ చోటే నిలబడిపోయాడు. ఆ రెండు క్షణాలకే జనం ఇంకా నవ్వారు. అప్పుడు ఆయన మోకాళ్ళు వంచి, పెదవి వేలాడేసి, గాడిదలా చెవులు ఆడించి, లైల్ చేతిలోంచి చేప బొమ్మ తీసుకుని తలకిందులుగా పట్టుకుని వేలు పెట్టి చదువుతున్నట్టు నటించాడు. జనం కుర్చీల్లోంచి లేచారు. తన జీవితంలో ఇంత నవ్వు ఆయనకు ఎప్పుడూ రాలేదు.

ఎర్రదీపం ఆరాక ఆమె గదికి పరుగెత్తింది. మెట్ల కింది గది ఖాళీగా ఉంది. ముఖం రంగు కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయాడని కాపలావాడు చెప్పాడు.

*

శుక్రవారం క్రాన్‌స్టన్ ఆమెను పిలిపించాడు. బల్ల మీద తంతివార్తలు కుప్పగా ఉన్నాయి. పరుపుల కంపెనీ పెద్దమనిషి స్వయంగా ఫోను చేశాడట. చదువురాని హెగర్టీ అద్భుతమట. ఇక ప్రతి సోమవారం, ప్రతి గురువారం అదే ఆట.

"బొమ్మలు గీసే ఆలోచన ఎవరిది, నీదా?"

"ఆట కోసం గీయలేదండీ."

"మరెందుకు గీశావ్?"

నిజం చెబితే హెగర్టీ రహస్యం పోతుంది. చెప్పకపోతే ఈ ఆట సాగుతుంది. ఆ రెండింటిలో ఏది తక్కువ ద్రోహమో ఆమెకు తెలియలేదు.

"ఏదో... తొందరలో" అంది.

"ఇకనుంచి అలాగే తొందరపడు" అని క్రాన్‌స్టన్ మొదటిసారి నవ్వాడు.

శనివారమంతా ఆమె కుంచెలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. ఆదివారం చర్చిలో పూజకు వెళ్ళి మధ్యలో లేచి వచ్చేసింది. ఆస్పత్రి ఎక్కడో హెగర్టీ చెప్పలేదు. పూలు చుట్టిన ఆకుపచ్చ కాగితం మీద దుకాణం పేరు ఆమెకు గుర్తుంది. అక్కడ అడిగితే ఎదురుగా ఉన్న భవనం చూపించారు.

పొడవాటి గది, అటు పది ఇటు పది మంచాలు. హెగర్టీ కిటికీ దగ్గర కూర్చుని భార్య చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని ఉన్నాడు. ఊనా ముఖం ఒకవైపు జారిపోయి ఉంది. కళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి, చురుగ్గా ఉన్నాయి. ఆ కళ్ళు అసుంతాను చూసి, వెంటనే ఆమె వేళ్ళకున్న నల్ల సిరాను చూశాయి.

మందులు తెచ్చిన నర్సు హెగర్టీని చూసి మురిసిపోయింది. "గురువారం చూశానండీ మిమ్మల్ని! మా గదిలో పెట్టె ఉందిగా. అబ్బ, నిజంగా చదువు రానివాడిలాగే చేశారు! అమ్మగారికి కూడా చెప్పాను, మీ ఆయన దేశాన్ని నవ్వించాడమ్మా అని."

ఆమె వెళ్ళాక హెగర్టీ నెమ్మదిగా అన్నాడు. "అప్పట్నుంచీ ఇలాగే చూస్తోంది తల్లీ. ఎవరు చెప్పారని కళ్ళతోనే అడుగుతోంది. నువ్వే చెప్పుకున్నావా అని అడుగుతోంది. ముప్పయ్యైదేళ్ళు దాచింది పాపం."

అసుంతాకు ఏడుపు ఆగలేదు. మంచం ఊచ పట్టుకుని అంతా చెప్పేసింది. సోమవారం ఉక్రోషంతో అన్న మాట, దానివల్ల ఆయనకు పెట్టిన గడువు, ఆ గడువు దాటించడానికి గీసిన బొమ్మలు. సగం ఆయనకు, సగం ఊనాకు చెప్పింది. "నా వల్లేనమ్మా. ఆయన ఎవరికీ చెప్పుకోలేదు" అంది. ఊనా కళ్ళు కాసేపు ఆమె మీదే నిలిచాయి. ఆ తర్వాత మూసుకున్నాయి. మూసిన రెప్ప కిందనుంచి ఒక చుక్క జారిపోయిన చెంప వైపు దిగింది. హెగర్టీ దాన్ని బొటనవేలితో తుడిచాడు.

"నేను మానేస్తాను హెగర్టీ గారూ. బొమ్మలు గీసేవాళ్ళు లేకపోతే ఆ ఆట ఉండదు."

"నువ్వు మానేస్తే ఇంకొకడు గీస్తాడు. నేను మానేస్తే ఎక్కడికి పోతాను? వేదికలన్నీ మూతపడ్డాయిగా." ఆయన లేచి ఆమెను మంచం కాళ్ళ వైపుకు తీసుకెళ్ళాడు. ఊచకు చిన్న అట్ట ముక్క వేలాడుతోంది. "ఇది దాని పేరేనా?"

"అవునండీ."

"కిటికీ నుంచి నాలుగోది అని లెక్కపెట్టుకుని వచ్చేవాణ్ణి. పోయిన మంగళవారం మంచాలు మార్చారు. వెళ్ళి ఇంకెవరో ముసలమ్మ ఒళ్ళో పూలు పెట్టాను. ఇది ఇక్కణ్ణించి చూస్తోంది. పిలవడానికి నోరు లేదు, ఎత్తడానికి చెయ్యి లేదు." అట్ట ముక్క మీద వేలు పెట్టాడు. "చదువు వచ్చినవాడు రానట్టు చేస్తే అది ఆట తల్లీ. రానివాడు రానట్టు నిలబడితే అది ఆట కాదు. నాకు నేర్పు. అంతా ఇప్పుడు రాదని నాకు తెలుసు. ఈ మూడూ నేర్పు. రేపటికి."

అసుంతా సంచిలోంచి కాగితం తీసింది. మంచం అంచున పెట్టి U, N, A అని మూడు అక్షరాలు రాసింది. ఆయనకు అవి మొదట అక్షరాల్లా కనబడలేదు. మొదటిది గ్లాసన్నాడు. రెండోదాన్ని ఏటవాలు కర్ర వేసిన గేటన్నాడు. మూడోది మీ నాన్న ఎక్కే నిచ్చెన కదూ అన్నాడు. "అనుకోండి, కానీ గ్లాసు అనకూడదు, దాని చప్పుడు పలకాలి" అంది. ఆయన పెదవులు ముందుకు పెట్టి పలికాడు. రెండోదానికి నాలుక పైకి పెట్టాడు. వేల మాటలు అవలీలగా దొర్లించిన నోరు ఆ చిన్న చప్పుళ్ళ దగ్గర తడబడింది. మూడూ కలపమంటే విడిపోయాయి. సాయంత్రం దాకా కలవలేదు. ఊనా కళ్ళు తెరిచి చూస్తూనే ఉంది.

వెళ్ళేటప్పుడు ఆయన అన్నాడు. "రేపు బొమ్మలన్నీ అయ్యాక చివర ఒక అట్ట పెట్టు. ఇదే. పెద్దగా రాయి."

"అందరి ముందరా? రాకపోతే?"

"రాకపోతే నవ్వుతారు. వచ్చినా నవ్వుతారు. అది చూస్తుంది కదా. నర్సును అడిగాను, పెట్టె ముందు కూర్చోబెడతానంది. నేనెవరికీ చెప్పుకోలేదని దానికి ఇంకెలా చెప్పను?"

*

సోమవారం అసుంతా ఆ అట్ట ఆఖరున రాసింది. పెన్సిల్‌తో గీతలు కొట్టుకుని, వెడల్పు కుంచెతో, దుకాణం అద్దం మీద నాన్న బంగారు రంగు వేసేంత నెమ్మదిగా రాసింది. మూడు అక్షరాలకు అరగంట పట్టింది.

ఆట మొదలైంది. లైల్ పంతులు వేషంలో బెత్తం పట్టుకుని వచ్చాడు. హెగర్టీకి పొట్టి లాగు తొడిగి, చిన్న బల్ల ముందు కూర్చోబెట్టారు. అది ఎవరి ఆలోచనో ఆమె అడగలేదు. బొమ్మ చూపిస్తే ఆయన ఏదో వంకర సమాధానం చెప్పాలి, జనం నవ్వాలి. బాతు, చెప్పు, సైకిలు అయ్యాయి. జనం నవ్వారు. ఆయన చెమటతో రంగు కారుతున్నా చెవులు ఆడిస్తూనే ఉన్నాడు.

అసుంతా సైకిలు అట్ట కింద పడేసింది. చివరిది పైకి వచ్చింది.

"ఓహో, అక్షరాలే! పంతులుగారి పప్పులు ఉడికాయా లేదా చూద్దాం" అన్నాడు లైల్.

హెగర్టీ లేచి నిలబడ్డాడు. అట్ట వంక చూశాడు. ఆ చూపు ఆమెకు కొత్త. రెండేళ్ళలో ఆయన కళ్ళు ఆమె రాతను తాకడం అదే మొదటిసారి. మొదటి అక్షరం దగ్గర ఆగాయి. పెదవులు ముందుకు వచ్చాయి, చప్పుడు రాలేదు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెయ్యి తనంతట తనే పైకి లేచి గాలిలో చెక్కు తీయడం మొదలుపెట్టింది. మొదటి చప్పుడు వచ్చింది. నవ్వులు. రెండోదానికి నాలుక వెతుక్కుంది, తప్పింది, మళ్ళీ వెతుక్కుంది. నవ్వులు పెద్దవయ్యాయి. మూడోది పలికి, మూడింటినీ ఒకచోటికి లాగడానికి ఆయన మెడ నరాలు బిగుసుకున్నాయి. ముందు వరసలో ఒకావిడ నవ్వు పట్టలేక రుమాలు నోట్లో కుక్కుకుంది.

"ఊ... ఊ... న... ఊనా."

అని మళ్ళీ అన్నాడు, ఈసారి విడిపోకుండా. "ఊనా."

పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. కెమెరా వెనకవాడు కూడా నవ్వు ఆపుకోలేక ఊగుతున్నాడు. లైల్ బెత్తం పారేసి ఆయనను కౌగిలించుకున్నాడు. ఆ నవ్వుల మధ్య హెగర్టీ కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అదీ ఆటే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. అసుంతా అట్ట దించలేదు. దించమని కింద నుంచి ఎవరో సైగ చేస్తున్నారు. ఆమె చేతులు దిగలేదు.

దీపాలు ఆరాక క్రాన్‌స్టన్ ఉరుకుతూ వచ్చాడు. గొంతు పైకే ఉంది. "ఆ తడుముకోవడం! ఆ కష్టం! ఎక్కడ నేర్చావయ్యా? అచ్చం నిజంలా ఉంది. గురువారం కూడా సరిగ్గా అలాగే కావాలి. ఒక్కటి గుర్తుపెట్టుకో, నీకు చదువు వచ్చేస్తున్నట్టు మాత్రం కనబడకూడదు. వచ్చిందా, ఇక ఎవడూ చూడడు."

"అలాగేనండీ" అన్నాడు హెగర్టీ.

పొట్టి లాగు విప్పి తన ప్యాంటు వేసుకుని, ముఖం కడుక్కుని, ఆయన రంగుల గదికి వచ్చాడు. అసుంతా బల్ల ముందు కూర్చుని ఉంది.

"నిజంగా చదివానని ఎవరికైనా తెలిసిందంటావా?"

"లేదండీ. ఎవరికీ తెలీదు."

"ఊనాకు తెలుస్తుంది." టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "గురువారం సరిగ్గా అలాగే కావాలట. ఎలా వస్తుంది తల్లీ? ఇప్పుడు ఆ మాట నాకు వచ్చేసిందిగా. అలా చదవడం ఒక్కసారే వస్తుంది."

ఆమె అట్టను పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చింది. ఆయన దాన్ని చంకలో పెట్టుకున్నాడు. పొద్దున్నే వెళ్ళి మంచానికి కడతానన్నాడు. ఆ చిన్న ముక్క మరీ సన్నగా ఉందట, ఇదైతే తలుపు దగ్గర్నుంచే కనబడుతుందట. వెళ్తూ మెట్ల కింది గది ముందు ఆగి, ఆమె తలుపుకు తగిలించిన తన పేరు వంక చూశాడు. వేలు పెట్టి ఏదో వెతికాడు. తన పేరులో తనకు తెలిసిన అక్షరం ఒకటి దొరికింది. దాన్ని పైకి పలికి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.